విశాఖ–భీమిలి తీరానికి ఏ కాలంలో రావాలి, వచ్చి ఏం చూడాలి

విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వరకు సాగే తీరానికి ఏడాది పొడవునా పర్యాటకులు వస్తూనే ఉంటారు గానీ, వారిలో చాలామంది సెలవులు దొరికినప్పుడు గది తీసుకుని, దిగిన తర్వాతే ఇక్కడ ఏం జరుగుతున్నదో వాకబు చేస్తారు. ఈ వరుసను తిరగేయడం మంచిది. ఇక్కడి ఉత్సవాలు, వ్యాపకాలు మూడు రకాల లెక్కల మీద నడుస్తాయి. ఆలయాల వేడుకలు, సముద్ర స్నానాలు తిథిని బట్టి వస్తాయి. చేపల వేట, తాబేళ్ల రాక, నీటి ఆటలు సముద్రం తీరును బట్టి ఉంటాయి. నౌకాదళ విన్యాసాలు, పర్యాటక శాఖ ఉత్సవాలు ప్రభుత్వం ప్రకటించే తేదీలను బట్టి జరుగుతాయి. మొదటిదానికి పంచాంగం, రెండోదానికి వాతావరణ శాఖ హెచ్చరికలు, మూడోదానికి దినపత్రికల విశాఖ జిల్లా పేజీలు చూసుకోవాలి. ఈ మూడూ చూసుకున్నాకే టిక్కెట్ల జోలికి వెళ్లాలి.

తిథి చూసి తేదీ ఖరారు చేసుకోవడం

నిరుటి తేదీని గుర్తుపెట్టుకుని ఈ ఏడాది కూడా అదే వారానికి ప్రయాణం పెట్టుకునేవారు ఎక్కువగా నిరాశపడేది సింహాచలం విషయంలోనే. చందనోత్సవం 2023లో ఏప్రిల్ 23న, 2024లో మే 10న, 2025లో ఏప్రిల్ 30న వచ్చింది. గిరి ప్రదక్షిణ 2023లో జూలై 2న, 2024లో జూలై 20న, 2025లో జూలై 9న జరిగింది. చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులే కాబట్టి పండుగలు ఏటా పదకొండు రోజులు ముందుకు వచ్చేస్తాయి. నడుమ అధికమాసం పడితే మాత్రం ఒక్కసారిగా దాదాపు పద్దెనిమిది రోజులు ఆలస్యమవుతాయి. 2023లో అధిక శ్రావణం వచ్చింది, 2026లో అధిక జ్యేష్ఠం వస్తుంది. ఇంట్లో పంచాంగం ఉన్నవారికి ఇది కొత్త సంగతి కాదు. విదేశాల నుంచి పిల్లలతో వచ్చేవారు, ఆరు నెలల ముందే విమాన టిక్కెట్లు కొనేవారు మాత్రం ఈ ఒక్కటి తప్పక సరిచూసుకోవాలి.

చందనోత్సవం వైశాఖ శుద్ధ తదియ నాడు, అంటే అక్షయ తృతీయ నాడు జరుగుతుంది. వరాహ లక్ష్మీనృసింహస్వామి ఏడాదంతా చందనపు పూతలోనే దర్శనమిస్తారు. ఆ ఒక్క రోజు మాత్రం తెల్లవారుజామున పూతను తొలగించి, భక్తులకు నిజరూప దర్శనం కల్పిస్తారు. ఆ రాత్రి మళ్లీ మూడు మణుగుల గంధం, అంటే సుమారు 125 కిలోలు, స్వామికి సమర్పిస్తారు. వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణమి నాడు మరో మూడు విడతలు సమర్పించడంతో పన్నెండు మణుగులు పూర్తవుతాయి. ఈ లెక్క తెలుసుకోవడం వల్ల యాత్రికుడికి ఒక ప్రయోజనం ఉంది. నిజరూప దర్శనమే కావాలంటే ఆ ఒక్క రోజు జనసముద్రంలో నిలబడక తప్పదు. చందన సమర్పణ వైభవం చూస్తే చాలుననుకునేవారు వైశాఖ పౌర్ణమికో జ్యేష్ఠ పౌర్ణమికో వస్తే ఊపిరి సలిపే వీలుంటుంది. ఉత్సవానికి ముందు రోజుల్లో ఆలయంలో గంధం చెక్కలను సానల మీద అరగదీస్తారు. ఆ రోజుల్లో వెళ్లినవారికి ప్రాంగణమంతా ఆవరించే ఆ చల్లని పరిమళం ఉత్సవం నాటి తోపులాటలో దొరకదు.

చందనోత్సవానికి వెళ్లదలచినవారు ఎండకే కాదు, వానకూ సిద్ధపడాలి. వైశాఖంలో పగలంతా మండిపోయి, సాయంత్రమో రాత్రో ఈదురుగాలులతో వాన కురవడం ఉత్తరాంధ్రలో మామూలే. 2025లో ఆ వేకువజామున కురిసిన భారీ వర్షానికి క్యూలైను పక్క గోడ కూలి భక్తులు ప్రాణాలు కోల్పోయారు. అందువల్ల వాన మొదలైతే గోడల పక్కన, తాత్కాలిక పందిళ్ల కింద తలదాచుకోకుండా వాటికి దూరంగా ఉండడం మేలు. చిన్న పిల్లలను, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని ఆ రోజు కొండ మీదికి తీసుకుపోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. సింహాచలం అప్పన్న దర్శనం ఏడాదిలో ఏ రోజైనా దొరుకుతుంది.

గిరి ప్రదక్షిణ సంగతి వేరు. ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు కొండ దిగువన ఉన్న తొలి పావంచా (మొదటి మెట్టు) వద్ద కొబ్బరికాయ కొట్టి, సింహగిరి చుట్టూ సుమారు 32 కిలోమీటర్లు నడిచి, మళ్లీ అక్కడికే చేరుకుని, పౌర్ణమి నాడు స్వామిని దర్శించుకుంటారు. దారి అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా వచ్చి జోడుగుళ్లపాలెం, అప్పూఘర్ దగ్గర సముద్రాన్ని తాకుతుంది. అక్కడి నుంచి ఎంవీపీ కాలనీ, వెంకోజీపాలెం, ఇసుకతోట, సీతమ్మధార, మాధవధార, ఎన్‌ఏడీ కూడలి, గోపాలపట్నం మీదుగా తిరిగి సింహాచలం చేరుతుంది. కొండ చుట్టూ తిరగడమంటే అడవిబాట అనుకునేవారికి ఇది ఆశ్చర్యం కలిగిస్తుంది, ఎందుకంటే దారిలో ఎక్కువ భాగం నగరంలోని తారు రోడ్డే. ఆ రాత్రి నగరం మొత్తం గుడి ప్రాంగణంగా మారిపోతుంది. ప్రతి కూడలిలోనూ కాలనీవాసులు బల్లలు వేసుకుని మజ్జిగ, పులిహోర, అరటిపండ్లు, మంచినీళ్లు అందిస్తారు. వద్దన్నా వినకుండా చేతిలో పెడతారు కాబట్టి తినుబండారాలు మోసుకుపోవలసిన పని లేదు.

మోసుకుపోవలసినవి వేరే ఉన్నాయి. చెప్పులు లేకుండా నడిచేవారే ఎక్కువ గనుక, మధ్యాహ్నం కాలిన రోడ్డు మీద అడుగుపెట్టకుండా పొద్దు వాలాక బయలుదేరాలి. మామూలు నడక అలవాటున్నవారికి కూడా ఎనిమిది గంటలు పడుతుందనుకుంటే, రాత్రి ఏడింటికి మొదలుపెట్టి తెల్లవారేసరికి పూర్తిచేయవచ్చు. అప్పూఘర్ దగ్గర సముద్ర స్నానం చేశాక, లేదా కాళ్లు తడుపుకున్నాక, వేళ్ల సందుల్లో ఇసుక మిగిలితే మరో గంట నడిచేసరికి చర్మం ఒరుసుకుపోయి బొబ్బలెక్కుతాయి. ఒక సీసా మంచినీళ్లతో పాదాలు కడుక్కుని, పొడి తుండుతో బాగా తుడుచుకున్నాకే ముందుకు సాగాలి. తడి పంచెతో నడిచేవారికి తొడలు ఒరుసుకునే బాధ కూడా ఇంతే, కాబట్టి మార్చుకోవడానికి ఒక పొడి బట్ట ఉండాలి. ఆషాఢమంటే వానాకాలం కనుక పలుచని వానకోటు, సెల్‌ఫోను కోసం ఒక ప్లాస్టిక్ సంచి, రెండు మూడు ఓఆర్‌ఎస్ పొట్లాలు చాలు. మోకాళ్లు సహకరించనివారు పౌర్ణమి నాడు కొండ మీద ఆలయం చుట్టూ ప్రదక్షిణ చేసే సంప్రదాయం కూడా ఉంది. నడవని కుటుంబ సభ్యులు రాత్రి తొమ్మిది తర్వాత అప్పూఘర్ ప్రాంతంలో ఒక పక్కగా నిలబడి చూస్తే చాలు, ఆ ప్రవాహం ఎంతకీ తెగదు.

ఒక హెచ్చరిక: ఆ రోజు మధ్యాహ్నం నుంచి మర్నాటి ఉదయం వరకు ఈ మార్గంలో వాహనాలను మళ్లిస్తారు. హనుమంతవాక మీదుగా భీమిలి వైపు పోవాలన్నా, ఎన్‌ఏడీ మీదుగా విమానాశ్రయానికి చేరాలన్నా గంటలు పట్టవచ్చు. పౌర్ణమి ఉదయం రైలో విమానమో ఎక్కవలసినవారు ముందు రోజే ఆ పక్కకు మకాం మార్చుకోవాలి.

మిగిలిన తిథులను క్లుప్తంగా చెప్పుకోవచ్చు. మార్గశిర మాసమంతా, ముఖ్యంగా గురువారాల్లో, పాత నగరంలోని బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి ఆలయం కిటకిటలాడుతుంది. పైకప్పు లేకుండా ఆరుబయట వెలసిన ఆ అమ్మవారికి భక్తులు తామే స్వయంగా అభిషేకం చేసుకోవచ్చు. బుధవారం అర్ధరాత్రి నుంచే వరుసలు మొదలవుతాయి కాబట్టి, గురువారమే కావాలన్న పట్టింపు లేనివారు సోమ, మంగళవారాల్లో వెళ్లాలి. కొత్త అమావాస్యకు, అంటే ఉగాది ముందు రోజుకు, అనకాపల్లి నూకాలమ్మ జాతర ఉంటుంది. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరుగుతుంది. దాని గురించి చివర చెబుతాను.

సముద్ర స్నానం చేసే రోజు

కార్తీక పౌర్ణమి, మాఘ పౌర్ణమి, మహాశివరాత్రి జాగరణ మర్నాడు వచ్చే అమావాస్య: ఈ తీరంలో వేలాది మంది సముద్ర స్నానానికి వచ్చే రోజులివి. మాఘ పౌర్ణమికి పూడిమడక, రేవుపోలవరం తీరాల్లో పెద్ద జాతరే జరుగుతుంది. శివరాత్రికి అప్పికొండ సోమేశ్వరాలయం వద్ద జనం పోటెత్తుతారు. ఈ రోజులన్నీ పౌర్ణమికో అమావాస్యకో పడతాయి; సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో పనిచేసే ఆ రోజుల్లోనే ఆటుపోట్ల తేడా ఎక్కువగా ఉంటుంది. జనం ఎక్కువగా నీటిలో దిగే రోజే సముద్రం ఎక్కువగా ఎక్కి దిగే రోజు కావడం యాత్రికులు మనసులో పెట్టుకోవలసిన విషయం.

ఆర్కే బీచ్ చూడడానికి ఎంత సౌమ్యంగా ఉన్నా ఈత కొట్టే బీచ్ కాదు. ఒడ్డు కొద్ది దూరంలోనే లోతుకు దిగిపోతుంది, వెనక్కి మళ్లే నీరు కాళ్ల కింది ఇసుకను తవ్వుకుపోతుంది. ఒడ్డుకు విరిగిన అలల నీరంతా తిరిగి సముద్రంలోకి పోవడానికి ఒక ఇరుకు దారి వెతుక్కుంటుంది. ఆ దారిలో అలలు విరగవు, నురగ తక్కువగా ఉంటుంది, నీరు కాస్త మట్టిరంగులో ప్రశాంతంగా కనిపిస్తుంది. తెలియనివారు అలలు లేవు కదా అని సరిగ్గా అక్కడే దిగుతారు. నీటిలో దిగే ముందు పది నిమిషాలు ఒడ్డున కూర్చుని అలలు ఎక్కడ విరుగుతున్నాయో, ఎక్కడ విరగడం లేదో చూడాలి. ఒకవేళ ఆ లాగుడులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు మళ్లాలి. పక్కవారిని కాపాడడానికి ఈత రానివారు దూకడం వల్లనే ఒకటి కావలసిన ప్రమాదం మూడు నాలుగవుతున్నది. తాడు, చీర, ఖాళీ నీళ్ల డబ్బా ఏదైనా విసిరి, గజ ఈతగాళ్లను, పోలీసులను పిలవాలి. అత్యవసర నంబరు 112.

పిల్లలను నీటిలో ఆడించాలంటే రక్షణ సిబ్బంది ఉండే రుషికొండ బీచ్ నయం. కయాకింగ్, స్పీడ్ బోటు, స్కూబా డైవింగ్ వంటివి కూడా అక్కడే దొరుకుతాయి. వీటికి సముద్రం నెమ్మదిగా, నీరు తేటగా ఉండే డిసెంబరు నుంచి మార్చి వరకు అనుకూలమైన కాలం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులకు అలలు పెద్దవిగా ఉంటాయి, నీరు కలకబారుతుంది. ఆ నెలల్లో డబ్బు కట్టి నీటి కింద చూడగలిగేది పెద్దగా ఉండదు.

చేపలు, వలలు, నిషేధం

విశాఖ వచ్చి చేప తినకుండా వెళ్లడం చాలామందికి మనసొప్పదు. ఏ చేప ఎప్పుడు తినాలో తెలియాలంటే ముందు వేట నిషేధం సంగతి తెలియాలి. తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవలు, ఇంజన్లు బిగించిన పడవలు సముద్రంలో వేటకు వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టి సంతతి పెంచుకునే కాలమని ఈ నిషేధం పెట్టారు. యంత్రం లేని తెప్పలకు మినహాయింపు ఉంటుంది. దురదృష్టవశాత్తూ మన బడుల వేసవి సెలవులు సరిగ్గా ఈ రెండు నెలల్లోనే వస్తాయి. అంటే వేసవిలో కుటుంబంతో వచ్చినవారు హోటల్లో తినే చేప చాలావరకు చెరువుదో, మంచులో దాచిందో అయి ఉంటుంది. అది తప్పేమీ కాదు గానీ, సముద్రపు చేప ధర చెల్లించే ముందు ఒక మాట అడగడం మంచిది.

జూన్ 15 దగ్గరపడుతుంటే చేపల రేవులో సందడి మొదలవుతుంది. పడవలకు రంగులు వేయడం, వలలు బాగుచేసుకోవడం, మంచు, డీజిల్ ఎక్కించుకోవడం, గంగమ్మ తల్లికి పూజ చేసి పసుపు కుంకుమలు పెట్టడం, ఇవన్నీ చూడదగినవి. వేట మళ్లీ మొదలయ్యాక, ఏ కాలంలోనైనా, రేవుకు తెల్లవారకముందే వెళ్లాలి. పడవల నుంచి గంపలు దిగుతుండగానే వేలం పాట మొదలవుతుంది. పాట పాడేవారి వేగం కొత్తవారికి అందదు. రొయ్యలు, పీతలు, వంజరం, చందువ, కానాగంతలు, కవళ్లు, నెత్తళ్లు కుప్పలుగా పోసి ఉంటాయి. ఒక కుప్ప చుట్టూ ఐదారుగురు మత్స్యకార మహిళలు మూగుతారు, ఒకరు చేత్తో చేపను తిప్పి చూస్తారు, మరొకరు వేలు చూపి ధర పెంచుతారు, అర నిమిషంలో బేరం తేలిపోతుంది, గంప ఆటో ఎక్కుతుంది. వారు పొట్టకూటి పనిలో ఉన్నారని గుర్తుంచుకుని, దారికి అడ్డంగా నిలబడి ఫోటోలు తీయకుండా ఉండాలి. మనుషుల ముఖాలు తీయదలిస్తే అడగాలి. చెప్పులు జారనివి వేసుకోవాలి, మంచి బట్టలు వేసుకోకూడదు.

కిలో రెండు కిలోలు కొనేవారు వేలంలో తలదూర్చకుండా, పక్కనే చిల్లరగా అమ్మే మహిళల దగ్గర కొనుక్కోవాలి. కన్ను ఉబ్బెత్తుగా మెరుస్తూ, మొప్పల లోపల ఎర్రగా, వేలితో నొక్కితే గుంట పడకుండా ఉంటే చేప తాజాది. కోసి శుభ్రం చేసి ఇచ్చేవారు అక్కడే ఉంటారు. రైల్లో తీసుకుపోవాలనుకుంటే థర్మాకోల్ పెట్టెలో మంచు వేసి కట్టించుకోవచ్చు. అయితే బోగీలో పక్కవారి గురించి కూడా ఆలోచించి, ఎండు నెత్తళ్లయినా వాసన రాకుండా ఉండవని గుర్తుంచుకుని, పెట్టెను టేపుతో గట్టిగా మూయించాలి.

రేవు హడావుడి ఇష్టం లేనివారికి మంగమారిపేట, భీమిలి వైపు ఒడ్డున అలివి వల లాగడం కనిపించవచ్చు. పడవ మీద వలను అర్ధచంద్రాకారంగా సముద్రంలో వదిలి, రెండు కొసల తాళ్లను ఒడ్డున రెండు జట్లు పట్టుకుని లాగుతాయి. ఒక్కొక్కరు నడుముకు తాడు తగిలించుకుని వెనక్కి అడుగులు వేస్తూ, చివరికి చేరాక తాడు వదిలి మళ్లీ నీటి అంచుకు వచ్చి పట్టుకుంటారు. వల దగ్గరకు వచ్చేకొద్దీ రెండు జట్ల నడుమ దూరం తగ్గుతుంది, కాకులు, కొంగలు చేరుకుంటాయి. సరదాకు తాడు పట్టుకుంటామంటే చాలామంది కాదనరు, కానీ ముందు అడగాలి.

తాబేళ్ల కాలం

జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ ఈ తీరంలో ఒడ్డుకెక్కి, ఇసుకలో గొయ్యి తవ్వి, ఒక్కో గూటిలో వంద దాకా గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. కుక్కలు, నక్కలు తవ్వి తినేయకుండా అటవీ శాఖ వారు ఆ గుడ్లను సేకరించి, కంచె వేసిన సంరక్షణ కేంద్రాల్లో మళ్లీ ఇసుకలో పాతిపెడతారు. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. గుడ్డులోని పిల్ల ఆడదో మగదో ఇసుక వేడిని బట్టి నిర్ణయమవుతుంది. వేడి ఎక్కువైతే ఆడపిల్లలు ఎక్కువ. ఫిబ్రవరి చివరి నుంచి మే దాకా, తెల్లవారుజామున వీటిని సముద్రంలోకి వదలడం చూడడానికి సందర్శకులకు అవకాశం దొరుకుతుంది. ఫలానా రోజు ఉదయం వదులుతారని ముందు రోజు సాయంత్రం వరకు ఖాయంగా తెలియదు, ఎందుకంటే పిల్లలు ఎప్పుడు ఇసుక చీల్చుకుని పైకి వస్తాయో వాటి ఇష్టం. కాబట్టి సాయంత్రం ఆ కేంద్రంలోని సంరక్షకులను మర్యాదగా అడిగి, మర్నాడు సూర్యోదయానికి అరగంట ముందే చేరుకోవాలి.

అక్కడ పాటించవలసినవి కొన్నే గానీ గట్టిగా పాటించాలి. టార్చి వేయకూడదు, ఫ్లాష్ కొట్టకూడదు. పిల్లలు వెలుతురు ఉన్న వైపుకు పాకుతాయి గనుక మన ఫోన్ల వెలుగు వాటిని రోడ్డు వైపు తిప్పుతుంది. చేతుల్లోకి తీసుకుని నీటిలో వేయకూడదు. అవి ఇసుక మీద తమంతట తామే పాకి వెళ్లాలి. వాటికీ నీటికీ మధ్య నిలబడకూడదు. అడుగు జాడల్లో పడిన పిల్ల పైకి ఎక్కడానికి ఎంత అవస్థ పడుతుందో చూస్తే, ముందే ఆ ఇసుకను చదును చేసి ఉంచడం ఎందుకో అర్థమవుతుంది. సముద్రపు తాబేళ్లకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. గుడ్లు ముట్టుకోవడం, తీసుకోవడం నేరం. ఒడ్డున చనిపోయిన పెద్ద తాబేలు కనిపిస్తే మన పిల్లలు భయపడకుండా నచ్చజెప్పాలి: ఊపిరి పీల్చుకోవడానికి పైకి రాలేక, వలల్లో చిక్కి చనిపోయేవి చాలా ఉంటాయి.

నౌకాదళం, ప్రభుత్వ ఉత్సవాలు

1971 యుద్ధంలో కరాచీ రేవుపై జరిపిన దాడికి గుర్తుగా డిసెంబరు 4న నౌకాదళ దినోత్సవం జరుపుతారు. తూర్పు నౌకాదళ కమాండ్ కేంద్రం ఇక్కడే ఉండడం వల్ల ఆర్కే బీచ్‌లో యుద్ధ నౌకలు, హెలికాప్టర్లు, మెరైన్ కమాండోలు చేసే విన్యాసాలకు నగరమంతా కదిలివస్తుంది. అయితే ప్రధాన కార్యక్రమాన్ని ఇటీవల వేర్వేరు తీరాలకు తిప్పుతున్నారు. 2023లో సింధుదుర్గ్‌లో, 2024లో పూరీలో నిర్వహించారు. ఆ తర్వాత విశాఖలో విన్యాసాలు 2025 జనవరి 4న జరిగాయి. కనుక డిసెంబరు 4 అనగానే గది తీసుకోకుండా, నవంబరులో వెలువడే ప్రకటన కోసం ఆగాలి.

ఈ విన్యాసాలకు ముందు రెండు మూడు రోజులు అదే చోట, అదే వేళకు రిహార్సళ్లు జరుగుతాయి. తెలిసినవారు అసలు రోజు కంటే వీటికే వెళతారు. ప్రముఖుల రాకపోకలు ఉండవు, ఆంక్షలు తక్కువ, పిల్లలకు ముందు వరుస దొరుకుతుంది. అసలు రోజే చూడాలనుకుంటే మధ్యాహ్నం మూడు గంటలకల్లా బీచ్ చేరుకోవాలి, బండిని కిలోమీటరు పైగా దూరంలో నిలపడానికి సిద్ధపడాలి. చీకటి పడ్డాక లంగరేసిన నౌకలన్నీ దీపాలతో వెలుగుతాయి, కార్యక్రమం అయిపోయిందని వెంటనే లేచిపోయే గుంపుతో పాటు లేవకుండా ఒక అరగంట కూర్చుంటే ఆ దృశ్యమూ దక్కుతుంది, రద్దీ కూడా పలుచబడుతుంది. కురుసుర జలాంతర్గామి మ్యూజియం, ఎదురుగా ఉన్న టీయూ–142 విమాన మ్యూజియం అక్కడే ఉన్నాయి గానీ ఆ రోజు వాటి జోలికి పోవద్దు. మామూలు రోజు మధ్యాహ్నం వేళ చూడవలసినవి అవి.

విశాఖ ఉత్సవ్, భీమిలి ఉత్సవ్ వంటివి చలికాలంలో జరుగుతాయి గానీ ఏటా ఒకే తేదీకి జరగవు, కొన్ని ఏళ్లు జరగవు కూడా. వాటి కోసమే ప్రయాణం కట్టడం నేను సూచించను. వచ్చినప్పుడు జరుగుతుంటే ఒక సాయంత్రం చూడవచ్చు.

గది ఎప్పుడు తీసుకోవాలి

దసరా పూజా సెలవులకు బెంగాలీ కుటుంబాలు పెద్ద సంఖ్యలో విశాఖకు, అరకుకు వస్తాయి. క్రిస్మస్ నుంచి సంక్రాంతి వరకు మనవాళ్ల రద్దీ. ఈ రెండు కాలాల్లో బీచ్ రోడ్డు గదుల ధరలు బాగా పెరుగుతాయి. ధర, వాతావరణం రెండూ కలిసివచ్చే కాలం జనవరి చివరి వారం నుంచి మార్చి మధ్య వరకు. పగలు హాయిగా ఉంటుంది, సముద్రం నెమ్మదిగా ఉంటుంది, తాబేళ్ల కాలం, మాఘ పౌర్ణమి, శివరాత్రి కూడా అందులోనే పడతాయి.

అక్టోబరు, నవంబరు నెలలు తుపాన్లవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ మీదనే తీరం దాటింది. చెట్టన్నది మిగలకుండా నగరం కొన్ని రోజులు కరెంటు లేక అల్లాడింది. అలాగని ఆ నెలల్లో రావద్దనడం లేదు, కార్తీక మాసపు తీరం అందం వేరు: తెల్లవారుజామున స్నానాలు, ఒడ్డున దీపాలు, ఆదివారాల్లో ఉసిరిచెట్టు నీడన వనభోజనాలు. డబ్బు తిరిగి ఇచ్చే షరతు మీదనే గది తీసుకోవాలి, రైలు టిక్కెట్టుకు ప్రత్యామ్నాయం ఆలోచించి పెట్టుకోవాలి. పత్రికల్లో రేవులకు ఒకటో నంబరు హెచ్చరిక ఎగరేశారని వస్తే అది దూరంలో వాయుగుండం ఉందనే సూచన మాత్రమే. మూడో నంబరు ఎగరేశారంటే గాలులు రేవు దాకా వస్తున్నాయని అర్థం, పడవ షికార్లు, నీటి ఆటలు మానుకోవాలి. అంతకు మించిన నంబరు వస్తే ఒడ్డు గది ఖాళీ చేసి లోపలి ప్రాంతానికి మారిపోవాలి. అలలను చూడడానికి తుపాను రోజున బీచ్‌కు వెళ్లడం ఒక సరదాగా మారింది గానీ, గోడ దాటి వచ్చే అల మనిషిని చూసి ఆగదు.

వేసవిలోనే రాక తప్పనివారు పగటిని వదిలిపెట్టి, ఉదయం ఐదు నుంచి ఎనిమిది, సాయంత్రం ఐదు తర్వాత తిరగాలి. ఉదయం కొన్ని గంటలు బీచ్ రోడ్డులో ఒక భాగంలో వాహనాలు ఆపేస్తారు, పిల్లలు సైకిళ్లు తొక్కుకోవచ్చు. తాటి ముంజలు, పనస తొనలు, సింహాచలం సంపెంగలు దొరికే కాలం అదే. ముంజలు కొనేటప్పుడు లేతవి అడిగి, కళ్ల ముందే కొట్టించుకోవాలి.

భీమిలి వైపు ఒక పూట

భీమిలి దారికి ఒక పూర్తి ఉదయం కేటాయించాలి. ఎర్రమట్టి దిబ్బలకు ఎండ పెరగకముందే చేరుకోవాలి. వాలు వెలుగులో ఆ దిబ్బల అంచులు, పొరలు స్పష్టంగా కనిపిస్తాయి. గాలి, సముద్ర మట్టపు హెచ్చుతగ్గులు వేల ఏళ్లుగా చెక్కిన ఈ దిబ్బలు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. వాన కురిసిన మర్నాడు అంచుల మీదికి ఎక్కకూడదు, విరిగిపడతాయి. వానాకాలం కొండలు పచ్చబడ్డాక తొట్లకొండ బౌద్ధారామం చూడడం బాగుంటుంది, పైనుంచి సముద్రం వంపు మొత్తం కనబడుతుంది. భీమిలిలో డచ్చివారి సమాధులు, గడియార స్తంభం, గోస్తని సముద్రంలో కలిసే చోటు నడిచి చూడగలిగినంత దగ్గరలో ఉన్నాయి. చలికాలంలో పక్షుల మీద ఆసక్తి ఉన్నవారు అటు కాక అనకాపల్లి వైపు కొండకర్ల ఆవకు వెళ్లాలి. తాటి దోనెలను రెండేసి జతకట్టి, వాటి మీద కూర్చోబెట్టి తామరల నడుమ తిప్పుతారు. అరకు చలికాలపు సంగతి, దానికి వేరే రెండు రోజులు కావాలి.

ఇక సిరిమానోత్సవం. 2024లో అక్టోబరు 15న, 2025లో అక్టోబరు 7న జరిగింది. పొడవైన మాను చివర పూజారి కూర్చుని మూడు లాంతర్ల కూడలికీ కోటకూ మధ్య తిరిగే ఆ వేడుక మధ్యాహ్నం తర్వాత మొదలవుతుంది గానీ, విజయనగరం వీధులు ఉదయం పదింటికే నిండిపోతాయి. ఆ ముందు రాత్రి విశాఖలో కాక భీమిలిలో బస చేస్తే దూరం తగ్గుతుంది. తెల్లవారి ఆరింటికి బయలుదేరి, బండిని ఊరి బయటే వదిలి, లోపలికి నడిచి వెళ్లాలి. తిరుగు ప్రయాణం రాత్రి తొమ్మిది దాటాకే పెట్టుకోవాలి, అంతకు ముందు రోడ్డు కదలదు.